ఓపెన్‌జీఎల్ వర్సెస్ డైరెక్ట్‌ఎక్స్: 30 ఏళ్ల గ్రాఫిక్స్ పోరు.. అసలు గొడవ దేనికి?

విండోస్ ల్యాప్‌టాప్‌లో బ్రహ్మాండంగా నడిచే గేమ్ మ్యాక్‌లో ఇన్‌స్టాల్ కూడా కాదు. పాతికేళ్ల కిందటి గేమ్ సీడీని ఇప్పటి కంప్యూటర్‌లో పెడితే చాలాసార్లు నల్ల స్క్రీనే దిక్కు. అదే బ్రౌజర్‌లో తెరిచే 3డీ మ్యాప్ మాత్రం ఏ కంపెనీ ఫోన్‌లోనైనా ఒకేలా తిరుగుతుంది. ఎందుకిలా?

ఈ ప్రశ్నలన్నింటి వెనకా ఒకటే విషయం ఉంది. ప్రోగ్రామ్‌కి, గ్రాఫిక్స్ చిప్‌కి మధ్య ఉండే భాష ఎవరి సొంతం? అది అందరిదా, ఒక్క కంపెనీదా? దీని మీదే 1990ల నుంచి సిలికాన్ గ్రాఫిక్స్, మైక్రోసాఫ్ట్, యాపిల్ లాంటి కంపెనీల మధ్య పోరు నడుస్తోంది. ఆ కథేంటో చూద్దాం.

గ్రాఫిక్స్ ఏపీఐ అంటే ఏంటి?

గేమ్‌లో కనిపించే 3డీ బొమ్మ ఏదైనా దాదాపుగా చిన్న చిన్న త్రిభుజాల కుప్పే. కారైనా, హీరో ముఖమైనా అంతే. ఆ త్రిభుజాలు ఎక్కడ పెట్టాలి, వాటికి ఏ రంగు వేయాలి, వెలుతురు ఎటు నుంచి పడాలి.. ఇవన్నీ గ్రాఫిక్స్ చిప్‌కి, అంటే జీపీయూకి చెప్పాలి.

అయితే ఎన్విడియా చిప్ లోపలి నిర్మాణం వేరు, ఏఎండీది వేరు, క్వాల్‌కామ్‌ది వేరు. ఒక్కో చిప్‌కి ఒక్కో ప్రోగ్రామ్ రాయాలంటే ఏ గేమ్ కంపెనీ వల్లా కాదు. అందుకే మధ్యలో ఒక ఉమ్మడి ఆదేశాల పట్టిక పెట్టుకుంటారు. అదే గ్రాఫిక్స్ ఏపీఐ. ప్రోగ్రామర్ ఆ ఆదేశాలు ఇస్తే, వాటిని చిప్‌కి అర్థమయ్యేలా మార్చే పని డ్రైవర్ చూసుకుంటుంది.

పాత ఫోన్ చార్జర్లు గుర్తున్నవాళ్లకి ఈ గొడవ ఈజీగా అర్థమవుతుంది. నోకియాకి సన్న పిన్ను, ఇంకో కంపెనీకి వెడల్పు పిన్ను. చుట్టాలింటికి వెళ్లినప్పుడు మన పిన్ను దొరక్కపోతే ఫోన్ ఆఫే. టైప్-సీ వచ్చాక ఆ బాధ చాలావరకు తప్పింది. గ్రాఫిక్స్‌లో మాత్రం రకరకాల పిన్నుల కాలం ఇంకా పూర్తిగా పోలేదు.

ఓపెన్.. ప్రొప్రయిటరీ.. తేడా ఇదే

ఓపెన్ స్టాండర్డ్ అంటే రూల్ బుక్ అందరి చేతుల్లో ఉండటం. ఎవరైనా ఉచితంగా చదవొచ్చు. రాయల్టీ కట్టకుండా దాని ప్రకారం డ్రైవర్ రాసుకోవచ్చు. మార్పులు చేర్పులు ఒక కమిటీ చేస్తుంది. ప్రొప్రయిటరీ అంటే ఆ రూల్ బుక్ ఒక్క కంపెనీ సొత్తు. ఏ ఆదేశం ఉండాలి, ఏది తీసేయాలి, ఏ మెషీన్లలో నడవాలి అన్నది ఆ కంపెనీయే తేలుస్తుంది.

ఇక్కడ చాలామంది ఒక విషయంలో పొరబడతారు. ఓపెన్ స్టాండర్డ్ వేరు, ఓపెన్ సోర్స్ వేరు. ఓపెన్‌జీఎల్ రూల్ బుక్ అందరిదీ. కానీ దాని కోసం ఎన్విడియా రాసుకున్న డ్రైవర్ కోడ్ ఎవరికీ ఇవ్వలేదు. అదే రూల్ బుక్ చూసి బ్రయాన్ పాల్ అనే ప్రోగ్రామర్ 1993లో మొదలుపెట్టిన మేసా ప్రాజెక్ట్ మాత్రం పూర్తిగా ఓపెన్ సోర్స్. ఇప్పటికీ లైనక్స్ గ్రాఫిక్స్‌కి అదే ఆధారం.

ఇంకో మాట. ఓపెన్ అన్నంత మాత్రాన అందరికీ ఓటు ఉండదు. ఇప్పుడు ఓపెన్‌జీఎల్, వల్కన్‌లను చూసుకునే క్రోనోస్ గ్రూప్‌లో కూర్చుని రూల్స్ రాయాలంటే సభ్యత్వ ఫీజు కట్టాలి. రాసిన రూల్స్ మాత్రం అందరికీ ఫ్రీ.

మొదలైంది ఇక్కడే

1980లలో 3డీ గ్రాఫిక్స్ అంటే సిలికాన్ గ్రాఫిక్స్. జిమ్ క్లార్క్ స్థాపించిన ఈ అమెరికా కంపెనీ వర్క్‌స్టేషన్లనే తర్వాత 'జురాసిక్ పార్క్' డైనోసార్లకీ వాడారు. ఆ మెషీన్లలో నడిచే భాష ఐరిస్ జీఎల్. అది కంపెనీ సొంతం.

అప్పటికే ఫిగ్స్ అనే ఓపెన్ స్టాండర్డ్ ఉంది. దానికి అంతర్జాతీయ గుర్తింపు కూడా ఉంది. అయినా ప్రోగ్రామర్లు ఐరిస్ జీఎల్ వైపే మొగ్గారు. కారణం సింపుల్. వాడటం తేలిక. అంటే ఈ పోరులో తొలి రౌండ్ గెలిచింది ప్రొప్రయిటరీయే.

కానీ సన్, ఐబీఎం లాంటి పోటీదారులు 3డీలోకి దిగడంతో సిలికాన్ గ్రాఫిక్స్ ఆలోచనలో పడింది. తన భాష తన మెషీన్లకే పరిమితమైతే సాఫ్ట్‌వేర్ కంపెనీలు జారిపోతాయి. దాంతో ఐరిస్ జీఎల్‌లోని కీబోర్డు, మౌస్, విండోలకు సంబంధించిన భాగాలు తీసేసి, కేవలం బొమ్మ గీసే ఆదేశాలతో 1992లో ఓపెన్‌జీఎల్ విడుదల చేసింది. మార్క్ సీగల్, కర్ట్ ఏక్లీ దీని రూల్ బుక్ రాశారు. దాన్ని నడపడానికి ఏర్పడిన రివ్యూ బోర్డులో ఐబీఎం, ఇంటెల్, డెక్‌తో పాటు మైక్రోసాఫ్ట్ కూడా ఉంది. అవును, మైక్రోసాఫ్టే. 1994లో వచ్చిన విండోస్ ఎన్‌టీ 3.5లో ఓపెన్‌జీఎల్ ఇచ్చింది కూడా.

గ్లైడ్: ఒక వెలుగు వెలిగి ఆరిపోయింది

1996లో సీన్‌లోకి 3డీఎఫ్‌ఎక్స్ వచ్చింది. సిలికాన్ గ్రాఫిక్స్‌లో పనిచేసి బయటికొచ్చిన ఇంజనీర్లు పెట్టిన కంపెనీ ఇది. లక్షల ఖరీదు చేసే వర్క్‌స్టేషన్లలో కనిపించే గ్రాఫిక్స్‌ని వూడూ కార్డుతో ఇంట్లో పీసీకి తెచ్చింది. దానికి సొంత భాష గ్లైడ్. చిప్ ఏం చేయగలదో అంతే అందులో ఉంటుంది. అందుకే వేగం. అప్పట్లో గేమర్లకి గ్లైడ్ అంటే మోజు.

కానీ గ్లైడ్ 3డీఎఫ్‌ఎక్స్ కార్డుల్లోనే నడుస్తుంది. వేరే కంపెనీల కార్డుల్లో దాన్ని నడిపే ప్రయత్నాలు జరిగితే 3డీఎఫ్‌ఎక్స్ లీగల్‌గా అడ్డుపడింది. 1999 చివర్లో గ్లైడ్ సోర్స్ కోడ్ బయటపెట్టింది గానీ, అప్పటికే ఆలస్యమైంది. కట్ చేస్తే.. 2000 డిసెంబర్‌లో కంపెనీ ఆస్తులు ఎన్విడియా చేతికి వెళ్లిపోయాయి.

దెబ్బ పడింది ఎవరికి? గ్లైడ్‌ని మాత్రమే నమ్ముకున్న గేమ్‌లకి. కార్డులు తయారవడం ఆగింది, కొత్త విండోస్‌లకు డ్రైవర్లు రావడం ఆగింది. గేమ్ కోడ్‌లో ఒక్క తప్పు లేకపోయినా గేమ్ నడవదు. డబ్బు పెట్టి కొన్నవాళ్లకి సీడీ మిగిలింది, ఆట మిగల్లేదు. ఆ తర్వాత ఔత్సాహికులు డీజీవూడూ, ఎన్‌గ్లైడ్ లాంటి అనువాద ప్రోగ్రామ్‌లు రాసి, గ్లైడ్ ఆదేశాలను నేటి ఏపీఐలలోకి మార్చడంతో ఆ పాత గేమ్‌లకు మళ్లీ ప్రాణం వచ్చింది.

మైక్రోసాఫ్ట్ ఎంట్రీ.. సీన్ రివర్స్

విండోస్ 95 వచ్చేనాటికి గేమ్‌లన్నీ ఇంకా డాస్‌లోనే ఉన్నాయి. వాటిని విండోస్‌కి రప్పించడానికి మైక్రోసాఫ్ట్ డైరెక్ట్‌ఎక్స్ తయారుచేసింది. 1995లో రెండర్‌మార్ఫిక్స్ అనే బ్రిటన్ కంపెనీని కొని, 1996లో డైరెక్ట్3డీని డైరెక్ట్‌ఎక్స్‌లో కలిపింది. ఒకవైపు ఓపెన్‌జీఎల్ బోర్డులో సభ్యత్వం, ఇంకోవైపు సొంత దుకాణం.

మొదట్లో డైరెక్ట్3డీకి మంచి పేరు రాలేదు. 'డూమ్', 'క్వేక్' గేమ్‌ల ప్రోగ్రామర్ జాన్ కార్మాక్ 1996 డిసెంబర్‌లో దాన్ని బహిరంగంగానే ఉతికి ఆరేశారు. ఓపెన్‌జీఎల్‌లో నాలుగు ముక్కల్లో అయ్యే పనికి ఇక్కడ పెద్ద తతంగం చేయాల్సి వస్తోందన్నది ఆయన అభ్యంతరం. కొద్ది వారాలకే ఓపెన్‌జీఎల్‌తో క్వేక్ విడుదల చేశారు. ఆ గేమ్ కోసమే కార్డుల కంపెనీలు ఓపెన్‌జీఎల్ డ్రైవర్ల వెంట పడ్డాయి. 3డీఎఫ్‌ఎక్స్ అయితే క్వేక్‌కి కావాల్సినంత మేరకే ఒక బుల్లి డ్రైవర్ తయారుచేసి ఇచ్చింది.

అయినా మైక్రోసాఫ్ట్ తగ్గలేదు. ఏటా కొత్త వెర్షన్, ప్రతి వెర్షన్‌లో దిద్దుబాట్లు. 2000లో డైరెక్ట్‌ఎక్స్ 8తో షేడర్లు వచ్చాయి. అంటే వెలుతురు, నీడ, నీటి మెరుపు ఎలా ఉండాలో ప్రోగ్రామరే చిప్‌కి చిన్న ప్రోగ్రామ్ రాసి చెప్పొచ్చు. 2002లో డైరెక్ట్‌ఎక్స్ 9తో ఆ షేడర్లు రాయడానికి సులువైన భాష వచ్చింది. మధ్యలో 2001లో ఎక్స్‌బాక్స్ కూడా వచ్చింది. ఆ పేరు పుట్టిందే 'డైరెక్ట్‌ఎక్స్ బాక్స్' నుంచి.

ఓపెన్‌జీఎల్‌లో అలాంటి భాష అధికారికంగా వెర్షన్ 2.0తో చేరేసరికి 2004 వచ్చింది. అంతకు ఏడాది ముందే, 2003లో, మైక్రోసాఫ్ట్ ఓపెన్‌జీఎల్ బోర్డు నుంచి తప్పుకుంది.

ఓపెన్‌జీఎల్ ఎందుకు వెనకబడింది?

మైక్రోసాఫ్ట్ బలం ఒక్కటే కారణం కాదు. తప్పులు ఇటువైపూ ఉన్నాయి.

మొదటిది, కమిటీ ఆలస్యం. పోటీ కంపెనీలన్నీ ఒక టేబుల్ ముందు కూర్చుని ఒప్పుకుంటేనే ఏ మార్పయినా జరుగుతుంది. ఈలోగా ఎన్విడియా, ఏటీఐ తమ తమ సొంత ఎక్స్‌టెన్షన్లు పెట్టేశాయి. పేరుకి ఒకటే ఓపెన్‌జీఎల్, కానీ ఒక్కో కార్డుకి ఒక్కోలా కోడ్ రాయాల్సిన పరిస్థితి.

రెండోది, పాత సామాను. ఇళ్లు, యంత్రాల డిజైన్లు గీసే క్యాడ్ సాఫ్ట్‌వేర్ కంపెనీలకు పాత ఆదేశాలు పోకూడదు. గేమ్ డెవలపర్లకు అవన్నీ తీసేసి కొత్తగా కట్టాలి. 2008లో వెర్షన్ 3.0తో ఆ ప్రక్షాళన జరుగుతుందని ఎదురుచూస్తే, పాతవన్నీ అలాగే ఉంచి విడుదల చేశారు. చాలామంది గేమ్ డెవలపర్లు అప్పుడే ఆశ వదులుకున్నారు.

మూడోది డ్రైవర్లు. విండోస్‌తో పాటు వచ్చే ఓపెన్‌జీఎల్ వెర్షన్ 1.1 దగ్గరే ఆగిపోయింది. ఆపైన ఏది కావాలన్నా కార్డు కంపెనీ డ్రైవర్ మీదే భారం.

మొబైల్‌తో మళ్లీ ఊపిరి

పీసీ గేమ్‌లలో ఓడిన చోటు నుంచి ఓపెన్ స్టాండర్డ్ ఇంకో దారిలో దూసుకెళ్లింది. ఫోన్ల లాంటి చిన్న పరికరాల కోసం 2003లో క్రోనోస్ గ్రూప్ ఓపెన్‌జీఎల్ ఈఎస్ తెచ్చింది. 2006లో అసలు ఓపెన్‌జీఎల్ బాధ్యత కూడా క్రోనోస్‌కే వచ్చింది. ఐఫోన్, ఆండ్రాయిడ్ రెండూ ఓపెన్‌జీఎల్ ఈఎస్‌నే ఎంచుకున్నాయి. 2011లో వెబ్‌జీఎల్‌తో అది బ్రౌజర్‌లోకీ చేరింది. అప్పటిదాకా విండోస్ మీదే ఆధారపడ్డ డైరెక్ట్‌ఎక్స్‌కి కోట్లాది ఫోన్లలో చోటే లేదు.

2013లో ఏఎండీ మ్యాంటిల్ అనే సొంత ఏపీఐ ప్రకటించింది. డ్రైవర్ పెత్తనం తగ్గించి, చిప్ మీద ప్రోగ్రామర్‌కి నేరుగా అదుపు ఇవ్వడం దీని ప్రత్యేకత. తర్వాత దాన్ని క్రోనోస్‌కి ఇచ్చేసింది. ఆ పునాది మీదే 2016 ఫిబ్రవరిలో వల్కన్ పుట్టింది. అదే ఏడాది ఆండ్రాయిడ్ 7లో చేరింది. 2025లో గూగుల్ వల్కన్‌నే ఆండ్రాయిడ్ అధికారిక గ్రాఫిక్స్ ఏపీఐగా ప్రకటించింది.

యాపిల్ ఇచ్చిన షాక్

ఓపెన్ స్టాండర్డ్ ఉంటే చాలు, ఇక భయం లేదనుకున్నవాళ్లకి 2018 జూన్‌లో యాపిల్ గట్టి షాక్ ఇచ్చింది. ఓపెన్‌జీఎల్‌ని డిప్రికేట్ చేస్తున్నట్టు ప్రకటించింది. అంటే ఇప్పటికి నడుస్తుంది గానీ ఇక మెరుగులు ఉండవు, ఎప్పుడైనా తీసేయొచ్చు అని అర్థం. అప్పటికే మ్యాక్‌లో అది వెర్షన్ 4.1 దగ్గర ఆగిపోయి ఉంది. బయట 4.6 వచ్చేసింది. 2014లో తెచ్చిన సొంత ఏపీఐ మెటల్‌కి అందరూ మారాలన్నది యాపిల్ మాట. వల్కన్‌కి కూడా మ్యాక్‌లో, ఐఫోన్‌లో యాపిల్ చోటివ్వలేదు.

ఇక్కడ తెలిసొచ్చేది ఒకటుంది. రూల్ బుక్ అందరిదే అయినా, దాన్ని తన మెషీన్‌లో అమలు చేయాలని ఏ కంపెనీనీ ఎవరూ బలవంతపెట్టలేరు. ఓపెన్ స్టాండర్డ్ ఇచ్చేది హామీ కాదు, అవకాశం.

ఆ అవకాశం విలువేంటో కూడా యాపిల్ చిప్ మీదే రుజువైంది. యాపిల్ ఎం1 మెషీన్లలో లైనక్స్ నడిపే ఆసాహీ ప్రాజెక్ట్ డెవలపర్లు చిప్‌ని సొంతంగా పరిశోధించి డ్రైవర్ రాశారు. 2024లో ఆ డ్రైవర్ ఓపెన్‌జీఎల్ 4.6 అధికారిక పరీక్షలు పాసైంది. యాపిల్ సొంత సిస్టమ్ 4.1 దగ్గరే ఉండగా, అదే చిప్ మీద బయటివాళ్లు 4.6 నడిపించారు. రూల్ బుక్ చేతిలో ఉంది కాబట్టే అది సాధ్యమైంది.

తలుపు తెరిచే ఉంది.. లోపల మాత్రం తాళం

ఓపెన్ స్టాండర్డ్‌కి ఇంకో చిక్కు పేటెంట్లు. గేమ్‌లలో గోడలు, నేల మీద అతికించే బొమ్మలను చిన్న సైజుకి కుదించే ఎస్3టీసీ పద్ధతి ఇందుకు ఉదాహరణ. దాదాపు ప్రతి గేమ్ దాన్ని వాడేది. కానీ దాని మీద పేటెంట్ ఉండటంతో మేసా లాంటి ఉచిత డ్రైవర్లు ఏళ్ల తరబడి దాన్ని కలుపుకోలేకపోయాయి. లైనక్స్ వాడేవాళ్లు వేరే ఫైల్ విడిగా తెచ్చుకుని పెట్టుకోవాల్సి వచ్చేది. 2017 అక్టోబర్‌లో పేటెంట్ గడువు ముగిశాకే మేసాలో అది చేరింది.

ఇప్పుడు అంతా అనువాదాలే

ఈ పోరులో తాజా ట్విస్ట్ ఏంటంటే, గేమ్ ఒక భాషలో రాస్తారు, మెషీన్ ఇంకో భాషలో నడుపుతుంది. డైరెక్ట్3డీ ఆదేశాలను వల్కన్‌లోకి మార్చే డీఎక్స్‌వీకే దీనికి పెద్ద ఉదాహరణ. దీన్ని వాడుకుని వాల్వ్ కంపెనీ 2018లో ప్రోటాన్ తెచ్చింది. 2022లో వచ్చిన స్టీమ్ డెక్ అనే చేతి గేమింగ్ మెషీన్‌లో విండోస్ లేదు, లైనక్స్ ఉంది. అయినా వేలాది విండోస్ గేమ్‌లు ఆడుతున్నాయి.

మెటల్ మీద వల్కన్ నడిపే మోల్టెన్‌వీకే ఉంది. 2023లో యాపిల్ కూడా డైరెక్ట్3డీ 12ని మెటల్‌లోకి మార్చే టూల్‌కిట్ ఇచ్చింది. ఇక 2024 సెప్టెంబర్‌లో మైక్రోసాఫ్ట్, డైరెక్ట్3డీ రాబోయే షేడర్ మోడల్ 7లో క్రోనోస్ తయారుచేసిన స్పిర్-వీ ఫార్మాట్‌ని తీసుకుంటామని ప్రకటించింది. 2003లో బోర్డు వదిలి వెళ్లిన కంపెనీ, క్రోనోస్ ఫార్మాట్‌ని తన ఏపీఐలోకి తెచ్చుకుంటోంది.

ఏఐ చిప్‌లలోనూ ఇదే కథ

జీపీయూలతో లెక్కలు చేయించడానికి ఎన్విడియా 2007లో కుడా విడుదల చేసింది. ఇది ప్రొప్రయిటరీ. పోటీగా యాపిల్ చొరవతో 2008లో ఓపెన్‌సీఎల్ అనే ఓపెన్ స్టాండర్డ్ వచ్చింది. కానీ ఎన్విడియా టూల్స్, లైబ్రరీలు, డాక్యుమెంట్ల మీద పెట్టిన శ్రద్ధ ఓపెన్‌సీఎల్‌కి దక్కలేదు. పైగా 2018లో ఓపెన్‌జీఎల్‌తో పాటు ఓపెన్‌సీఎల్‌నీ యాపిల్ పక్కనపెట్టింది. ఇవాళ ఏఐ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కువ భాగం కుడా మీదే నడుస్తోంది. కొత్త చిప్ ఎంత బాగున్నా కుడా కోసం రాసిన కోడ్ దాని మీద నేరుగా నడవకపోవడమే పోటీ కంపెనీలకు పెద్ద అడ్డంకి.

ఏది ఎవరిది? ఎక్కడ నడుస్తుంది?

- ఓపెన్‌జీఎల్: క్రోనోస్. విండోస్, లైనక్స్, మ్యాక్ (4.1 వరకే). చివరి వెర్షన్ 4.6 వచ్చింది 2017లో.
- ఓపెన్‌జీఎల్ ఈఎస్: క్రోనోస్. ఆండ్రాయిడ్, చిన్న పరికరాలు.
- వల్కన్: క్రోనోస్. విండోస్, లైనక్స్, ఆండ్రాయిడ్. యాపిల్ మెషీన్లలో మోల్టెన్‌వీకే ద్వారా.
- డైరెక్ట్3డీ 12: మైక్రోసాఫ్ట్. విండోస్, ఎక్స్‌బాక్స్.
- మెటల్: యాపిల్. ఐఫోన్, ఐప్యాడ్, మ్యాక్.
- వెబ్‌జీఎల్: క్రోనోస్. బ్రౌజర్లు.
- వెబ్‌జీపీయూ: డబ్ల్యూ3సీ. బ్రౌజర్లు. 2023లో క్రోమ్‌తో మొదలైంది.

మరి స్టూడెంట్స్ ఏది నేర్చుకోవాలి?

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఓపెన్‌జీఎల్ లేదా వెబ్‌జీఎల్ తేలిక. వెబ్‌జీఎల్‌కైతే బ్రౌజర్ ఉంటే చాలు, ఖరీదైన కార్డు అక్కర్లేదు. త్రిభుజాలు, షేడర్లు, కెమెరా కోణాల లెక్కలు అన్ని ఏపీఐలలోనూ ఒకటే కాబట్టి నేర్చుకున్నది వృథా కాదు. నేరుగా వల్కన్‌తో మొదలుపెడితే మొదటి త్రిభుజం కనిపించడానికే వందల లైన్ల కోడ్ రాయాలి. విండోస్ గేమ్‌ల ఉద్యోగం కావాలంటే డైరెక్ట్3డీ 12, ఐఫోన్ యాప్‌లకి మెటల్ తప్పవు.

యూనిటీ, అన్‌రియల్ లాంటి గేమ్ ఇంజిన్లు వాడితే ఈ ఏపీఐల గొడవ కనిపించదు. కానీ ప్రశ్న పోదు, ఒక మెట్టు పైకి వెళ్తుందంతే. 2023 సెప్టెంబర్‌లో యూనిటీ, గేమ్ ఇన్‌స్టాల్ అయిన లెక్కన ఫీజు వసూలు చేస్తామనడంతో డెవలపర్లు భగ్గుమన్నారు. ఏడాది తర్వాత కంపెనీ ఆ ఫీజు రద్దు చేసింది. ఈలోగా చాలామంది ఓపెన్ సోర్స్ ఇంజిన్ గోడో వైపు చూశారు.

అనుభవమున్న ప్రోగ్రామర్లు పాటించే పద్ధతి ఒకటుంది. గ్రాఫిక్స్ ఏపీఐని పిలిచే కోడ్‌ని ప్రోగ్రామ్ అంతా చల్లకుండా ఒక్కచోటే విడిగా పెడతారు. రేపు ఏ కంపెనీ ఏ నిర్ణయం తీసుకున్నా ఆ ఒక్క భాగం తిరగరాస్తే సరిపోతుంది. గేమ్ లాజిక్ జోలికి వెళ్లక్కర్లేదు. గ్లైడ్‌తో పాటే ఆగిపోయిన గేమ్‌లలో చాలావాటికి లేకపోయింది ఆ ఏర్పాటే.